పగలు పనికి, రాత్రికి ఇంటికి: చిన్న కాంట్రాక్టరు కారు సర్దుకునే పద్ధతి

తెనాలిలో వైరింగు, ప్లంబింగు పనులు గుత్తకు చేస్తుంటాను. ఒకేసారి రెండు మూడు ఇళ్లు నడుస్తుంటాయి, నాతో నలుగురు కుర్రాళ్లు ఉంటారు. మాది వ్యాగన్ఆర్, 2019లో వచ్చిన పెద్ద మోడల్. పిల్లల స్కూలు, అమ్మ ఆస్పత్రి, పెళ్లిళ్లు, పేరంటాలు అని చెప్పి లోను పెట్టి కొన్నాం. కొన్నాళ్లకే దాని డిక్కీలోకి డ్రిల్లింగ్ మెషీన్ ఎక్కింది, ఆ వెనకే మిగతావన్నీ ఎక్కాయి. ఈ మధ్య సొంతంగా పని పట్టుకుంటున్న కుర్రాళ్లు "అన్నా, టాటా ఏస్ సరుకు బండి కొనాలా, కారుతోనే నెట్టుకురావచ్చా?" అని అడుగుతున్నారు. ఇంకొంతమంది ఇంకో అడుగు ముందుకేసి, కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకుంటే ఎలా ఉంటుందని అడుగుతున్నారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

నా లెక్క ఇది. కారు మనుషుల్నీ పనిముట్లనీ మోయాలి, సరుకు కిరాయి బండిలో రావాలి. సాయంత్రం ఇంటికొచ్చి నేను స్నానం చేసేలోపు అది మళ్లీ నలుగురు కూర్చునే కారైపోవాలి. దీనికి అడ్డొచ్చే ఏ మార్పు చేయించినా ఇంట్లో గొడవ ఖాయం. "పట్టుచీర కట్టుకుని సిమెంటు దుమ్ములో కూర్చోను" అని మా ఆవిడ మొదట్లోనే తేల్చి చెప్పేసింది. కాబట్టి కింద రాసినవన్నీ ఊడదీసే రకాలే. వెల్డింగు చేసింది ఒక్కటీ లేదు.

ముందు కాగితాలు

తెల్ల ప్లేటు కారు ఇన్సూరెన్సు పాలసీ తీసి, బండిని ఎందుకు వాడొచ్చో ఎందుకు వాడకూడదో రాసిన పేరా చదవండి. కిరాయికి తిప్పడం, సరుకు రవాణా, రేసులు, ఇలాంటివాటికి వాడితే పాలసీ వర్తించదని ఉంటుంది. సరుకు విషయంలో శాంపిళ్లకూ సొంత లగేజీకీ మాత్రం మినహాయింపు. పెట్టెలో మన పనిముట్లు పెట్టుకుని పనికి వెళ్లడం ఒక సంగతి, వెనక సీటు మడిచి ఎనిమిది సిమెంటు బస్తాలు వేయడం ఇంకో సంగతి. రెండోదాన్ని యాక్సిడెంటు జరిగిన చోట ఇన్సూరెన్సు సర్వేయరు ఫొటో తీశాడంటే మనం వాదించడానికి ఏమీ మిగలదు. పనిముట్ల గురించి కూడా ఏజెంటు నోటిమాట నమ్మకండి. "నేను ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుని, నా పనిముట్లు నా కారులో తీసుకెళ్తాను" అని కంపెనీకే మెయిల్ పెట్టి జవాబు రప్పించుకుని దాచుకోండి. ఇంకొకటి, కారు పాలసీ కారుకే. అద్దం పగలగొట్టి లోపలి మెషీన్లు ఎత్తుకుపోతే మెషీన్ల డబ్బు ఆ పాలసీలో రాదు.

పనివాళ్లని కారులో తీసుకెళ్తారు కదా, దానికి ఒక చిన్న క్లాజు ఉంది. మన దగ్గర జీతానికి పనిచేసేవాళ్లు మన కారులో వెళ్తూ దెబ్బతింటే వచ్చే బాధ్యతకి ఐఎంటీ-29 అని అదనపు కవర్ తీసుకోవచ్చు. తలకి పడేది పదుల రూపాయల్లోనే. అడిగితే తప్ప ఏజెంటు దాని మాట ఎత్తడు. డ్రైవర్ని పెట్టుకుంటే అతనికి ఐఎంటీ-28 వేరే ఉంటుంది.

మార్పుల సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. సీట్లు శాశ్వతంగా పీకేయడం, వెనక తలుపు కోసి పొడుగు పెంచడం, చాసిస్‌కి ఇనుప చానెల్ వెల్డింగు చేయించడం అన్నీ దీని కిందికే వస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఏదైనా చేసిపెట్టే పనిమంతులు ఉన్నారు. వాళ్లు చేయగలగడం వేరు, ఆర్టీఓ ఒప్పుకోవడం వేరు.

బరువు లెక్క

కారు మాన్యువల్లో రెండు అంకెలు వెతకండి: ఖాళీ బండి బరువు, నిండు బండి గరిష్ఠ బరువు. ఈ రెండింటి తేడానే మీరు ఎక్కించగలిగేది, మీతో సహా. మా బండికి అది ఐదు క్వింటాళ్ల దగ్గర ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నేనూ ముగ్గురు కుర్రాళ్లూ ఎక్కితేనే రెండున్నర క్వింటాళ్ల పైన పోతుంది. మిగిలినదాంట్లో మెషీన్లు, నిచ్చెన, ఫిట్టింగుల ట్రేలు పోను ఇంక దేనికీ పెద్దగా చోటుండదు.

ఏది ఎంత బరువో చేతికి తెలిసి ఉండాలి. సిమెంటు బస్తా 50 కిలోలు, వాల్ పుట్టీ బస్తా 40. ఇరవై లీటర్ల పెయింటు బకెట్టుని చాలామంది ఇరవై కిలోలనే అనుకుంటారు, పెయింటు నీళ్ల కంటే బరువు కాబట్టి అది పాతిక దాటిపోతుంది. రెండడుగుల టైల్స్ పెట్టె కూడా అంతే, చూడ్డానికి పలచగా ఉండి పాతిక కిలోల పైన తూగుతుంది. పది పెట్టెలు ఎక్కించారంటే రెండున్నర క్వింటాళ్ల పైన వాటికే పోతుంది. మా పనిలో తేలిక సరుకు వైరు కాయిల్సే. తొంభై మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల కాయిల్ రెండు కిలోల దగ్గరే ఉంటుంది. కాకపోతే దొంగకి దాని విలువ మనకంటే బాగా తెలుసు, రాత్రి కారులో వదలకూడదు.

బరువు వేసిన రోజు రెండు పనులు మర్చిపోకండి. డ్రైవరు డోరు పక్కన ఉండే స్టిక్కర్‌లో ఇద్దరికి ఒక గాలి, నిండు బరువుకి వేరే గాలి రాసి ఉంటుంది. వెనక టైర్లలో ఆ రెండో అంకె చూసి పట్టించండి. రెండోది, స్టీరింగ్ పక్కన హెడ్‌లైట్ల ఎత్తు తిప్పే చిన్న మీట. వెనక కుంగితే ముందు లైటు పైకి లేచి, ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడుతుంది. కాలవ కట్ట రోడ్ల మీద దాని పర్యవసానం ఏమిటో చెప్పక్కర్లేదు. మీట ఒకటో రెండో గీతలు కిందికి తిప్పితే సరిపోతుంది.

స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు పెట్టి వెనక భాగం లేపుతామనే షాపులు ఉన్నాయి. వాటితో కుంగడం కనపడదు, అంతే. బ్రేకులూ టైర్లూ బేరింగులూ మాత్రం పాతవే కదా. నా ఓటు వద్దు.

డిక్కీ

అసలు పనంతా ఇక్కడే. పాత అట్టపెట్టె విప్పి, డిక్కీ నేల ఆకారానికి అట్ట కత్తిరించండి. వెనక సీటు 60:40గా మడిచే రకమైతే చిన్న ముక్క మడిచినప్పుడు ఎంత పొడుగొస్తుందో దానికి కూడా ఇంకో అట్ట. వాటిని బట్టి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు ముక్కలు కోయించి, మధ్యలో బందులు వేయించండి. సీటు మడిస్తే రెండో ముక్క ముందుకి పరుచుకుంటుంది, సీటు లేపితే అది వెనక్కి మడుచుకుంటుంది. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే సీటు కవర్లు చిరుగుతాయి.

స్టెప్నీ డిక్కీ నేల కింద ఉంటుంది. ప్లైవుడ్ ఒకే ముక్కగా వేసి, దాని మీద సామానంతా పేర్చారనుకోండి, వేమూరు రోడ్డులో రాత్రి ఎనిమిదింటికి టైరు పంచరైతే మొత్తం రోడ్డు మీద దించాలి. అందుకని డిక్కీ ముక్కకి వెనక అంచున చెయ్యి దూరేంత కోత పెట్టించాను. వెనక ఉన్న ట్రేని దించి, ఆ కోతలో చెయ్యిపెట్టి పలక లేపితే స్టెప్నీ, జాకీ రెండూ అందుతాయి.

ప్లైవుడ్‌ని నేలకి స్క్రూలతో బిగించకండి. కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎక్కడున్నాయో కార్పెంటరుకి తెలియదు. అడుగున పాత సైకిలు ట్యూబు ముక్కలు అతికిస్తే జారకుండా నిలబడుతుంది.

దాని మీద కూరగాయల మార్కెట్లో వాడే ప్లాస్టిక్ క్రేట్లు, మూడు రంగులవి. మా బండిలో ఎర్రదాంట్లో మెషీన్లు: డ్రిల్లు, గాడి కొట్టే కట్టర్, బ్లేడులు, ఎక్స్‌టెన్షన్ బోర్డు. నీలం దాంట్లో ఎలక్ట్రికల్ సామాను: బెండ్లు, జంక్షన్ బాక్సులు, ఎంసీబీలు, టేపులు, వైరు లాగే స్ప్రింగు. పచ్చదాంట్లో ప్లంబింగు: పైపు రెంచీలు, ఎల్బోలు, టీలు, టెఫ్లాన్ టేపు. పనివాడిని కేకేసి "నీలం ట్రే దించరా" అంటే చాలు. సాయంత్రం మూడు క్రేట్లూ వరండాలోకి దింపి, ప్లైవుడ్ మడిచేస్తే డిక్కీ ఖాళీ. పదిహేను కిలోల పైన ఉండే పెద్ద బ్రేకర్ మెషీన్ మాత్రం సైటు దగ్గరే తాళం వేసి పెడతాం. అది ఇంటి కారులో తిరగాల్సిన వస్తువు కాదు.

క్రేట్లు సీటు వెనక భాగం ఎత్తు దాటకూడదు, అద్దంలో వెనక రోడ్డు కనపడాలి. వాటి మీదుగా రాచెట్ బెల్టు వేసి, డిక్కీలో కంపెనీ ఇచ్చిన కొక్కేలు ఉంటే వాటికి బిగించండి. ఇది అలంకారం కాదు. యాభై వేగంలో వెళ్తున్న బండి ఠక్కున ఆగితే క్రేటులో ఉన్న పైపు రెంచీ అదే యాభై వేగంతో ముందుకొస్తుంది, దాని దారిలో ఉండేది వెనక సీట్లో కూర్చున్నవాడి తల. సీటు మడిచిన రోజైతే మధ్యలో ఆపేదే లేదు, ఆ రోజు బరువైన క్రేటు ముందు సీటు వీపుకి ఆనించి పెట్టండి.

దుమ్ముకి నా మందు పాత ఫ్లెక్సీ. పుట్టినరోజు, సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీలకి మన ఊళ్లలో కరువేముంది. సీట్ల మీద ఒకటి, ప్లైవుడ్ మీద ఒకటి పరిస్తే సిమెంటు దులిపేయొచ్చు, తడిగుడ్డతో తుడిచేయొచ్చు. బొమ్మ ఉన్న వైపు కిందికి పెట్టండి. సైటు ఓనరుది ఏ పార్టీయో మనకెందుకు.

పైపులు, నిచ్చెన

మా కారు పొడుగు 3,655 మిల్లీమీటర్లు, అంటే పన్నెండడుగులు. వైరింగు పైపు పది అడుగులు, మూడు మీటర్లు. కప్పు మీద సరిగ్గా మధ్యలో పెడితే ముందుకీ వెనక్కీ బయటికి రాదు. ప్లంబింగులో నీళ్లకి వాడే సీపీవీసీ పైపు మూడు మీటర్లలోనూ ఐదు మీటర్లలోనూ దొరుకుతుంది. కారులో తెచ్చుకునేట్టయితే మూడు మీటర్లదే అడగండి. కప్లింగులు ఒకటో రెండో ఎక్కువ పడతాయి, పడనీయండి. డ్రైనేజీకి వాడే ఆరు మీటర్ల పైపు మాత్రం ఎలా పెట్టినా రెండు మీటర్ల పైన బయటికి పొడుచుకొస్తుంది. సరుకు పరిమితి దాటి బయటికి వస్తే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో 20,000 రూపాయల జరిమానా రాసి ఉంది. ఆ పైపు కిరాయి ఆటో ట్రాలీకి ఎంత అవుతుందో మీకు తెలుసు.

కప్పు మీదికి, డోరు అంచుకి బిగించి మళ్లీ విప్పుకునే రెండు అడ్డకడ్డీల క్యారియరు చాలు. కప్పు ఎంత బరువు ఆపుతుందో మాన్యువల్లో ఉంటుంది, చిన్న కార్లకి అది చాలా తక్కువ. నిచ్చెన, పైపులు తప్ప ఇంకేమీ పెట్టకండి. రెండు కడ్డీల మధ్య దూరం ఎక్కువ ఉండదు కాబట్టి సన్నపైపులు మే నెల ఎండకి మెత్తబడి రెండు కొసలా వేలాడిపోతాయి. ముందు కొస అద్దానికి కొట్టుకుంటుంది.

దీనికి నేను వాడుతున్నది నాలుగంగుళాల డ్రైనేజీ పైపే. మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల ముక్క కోసి, ఒక కొసని ఎండ్ క్యాప్ పెట్టి సొల్యూషన్‌తో అతికించేశాను. రెండో కొసకి మరతో తిరిగే క్యాప్. దాన్ని రెండు కడ్డీలకీ యూ-క్లాంపులతో బిగించాను, క్లాంపు కింద రబ్బరు ముక్క వేసి. లోపల వైరింగు పైపులు ఎనిమిదీ పదీ పడతాయి. వంగవు, దారిలో జారిపడవు, పోలీసు ఆపినా వేలాడేదేమీ కనపడదు. మర క్యాప్ వెనకవైపే ఉండాలి. ముందువైపు ఉండి అది ఊడితే, బ్రేకు కొట్టినప్పుడు పైపులన్నీ ముందు వెళ్లే బండిని పలకరిస్తాయి. వాన నీళ్లు నిలవకుండా అడుగున రెండు చిన్న చిల్లులు పెట్టండి. పెళ్లికి వెళ్లేటప్పుడు యూ-క్లాంపుల నట్లు తిప్పి గొట్టం దించేయొచ్చు, కడ్డీలు మాత్రం ఉంటాయి. వాటికి మా ఆవిడ ఇప్పటికి రాజీ పడింది.

నిచ్చెనకి నైలాను తాడు ఒక్కటే నమ్ముకోకండి, అది ఎండకి వదులవుతుంది. రెండు చోట్ల బెల్టు, ముందు కొసకి విడిగా తాడు.

వాసన, నిప్పు, కరెంటు

పైపు సొల్యూషన్, థిన్నరు త్వరగా అంటుకునే సరుకు. మూతబెట్టిన కారులో ఎండలో ఉంచితే ఆవిరి నిండుతుంది. అమ్మకి ఆ వాసనకి తల తిరుగుతుంది, పిల్లలకీ మంచిది కాదు. డబ్బా నిండా కొనకుండా చిన్న టిన్నులు కొనండి, బిగుతు మూత ఉన్న స్టీలు టిఫిను డబ్బాలో నిలబెట్టండి, ప్రతి సాయంత్రం మరిచిపోకుండా బయటికి తీసేయండి. సీఎన్‌జీ కారైతే డిక్కీలో సిలిండరు ఉంటుంది. దానికి ఇనుప సామాను తగలకుండా అడ్డుపలక ఉండాలి, మూడేళ్లకోసారి సిలిండరుకి హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించాలి.

కారులోని పన్నెండు వోల్టుల సాకెట్టు మామూలుగా 120 వాట్లకే. దాంతో చిన్న ఇన్వర్టరు పెట్టి బ్యాటరీ డ్రిల్లు చార్జింగ్ చేసుకోవచ్చు. అంతకంటే పెద్ద మెషీన్ దాని మీద తిరగదు. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి పెద్ద ఇన్వర్టరు పెడతామంటే, మనం వైరింగు పనివాళ్లమే అయినా సరే, వారంటీ సంగతి ముందు చూసుకోండి.

కిటికీలకి నల్ల ఫిలిం వేస్తే సామాను కనపడదనుకుంటారు. 2012లోనే సుప్రీం కోర్టు నల్ల ఫిలిములు వద్దంది. ముదురు రంగు దుప్పటి కప్పండి, చాలు. పేరూ ఫోను నంబరూ కావాలంటే తలుపుకి అంటుకునే అయస్కాంతం షీటు మీద ప్రింటు చేయించండి. పనికెళ్లేటప్పుడు అతికించి, శుభకార్యాలకి పీకేయొచ్చు.

ట్రైలర్ సంగతి

కారు వెనక ట్రైలర్ ఆలోచన ఇంటర్నెట్లో విదేశీ వీడియోలు చూసి వస్తుంది. అక్కడ దానికి వేరే ఏర్పాట్లు ఉంటాయి. మన దగ్గర చట్టం ట్రైలర్‌ని కూడా మోటారు వాహనంగానే లెక్కేస్తుంది. అంటే దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే ఇన్సూరెన్సు. వెల్డింగు షాపులో యాంగిలర్లు, పాత ఇరుసు పెట్టి కట్టిన తొట్టికి రిజిస్ట్రేషన్ చేయించలేరు. దాంతో ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం మొత్తం మీ నెత్తి మీదే పడుతుంది. పైగా మారుతి మాన్యువల్లోనే ట్రైలర్ లాగడానికి ఈ బండి వాడమని సిఫారసు చేయట్లేదని రాసి ఉంటుంది. కారుతో ఇచ్చే లాగుడు కొక్కెం బండి ఆగిపోతే దాన్ని లాక్కెళ్లడానికే గానీ, దానితో ఇంకోటి లాగడానికి కాదు.

మన పల్లెల్లో ట్రైలర్ అంటే ట్రాక్టరు ట్రక్కే. నాలాగా అటో ఇటో కాస్త పొలం ఉన్న ఇంటివాళ్లకి ట్రాక్టరు ఉంటుంది, దాన్ని ఖాళీ రోజుల్లో ఇసుకకీ ఇటుకకీ వాడుకోవాలనిపిస్తుంది. వాడేముందు దాని పాలసీ చదవండి. వ్యవసాయానికని ఇన్సూరెన్సు చేయించిన ట్రాక్టరు ఇటుకలు తోలుతూ యాక్సిడెంటైతే క్లెయిము దగ్గర తకరారు తప్పదు. ట్రక్కుకి వేరే పాలసీ ఉందో లేదో చూడండి, చాలాసార్లు ఇంజనుకి ఒక్కదానికే ఉంటుంది. ఇక సరుకు మీద కూలీలని ఎక్కించడం మన దగ్గర మామూలు. ట్రాక్టరుకి సీటు ఒక్క డ్రైవరుకే, ట్రక్కు మీద కూర్చున్నవాళ్లకి ఇన్సూరెన్సు ఉండదు. కుర్రాళ్లని కారులోనే తీసుకెళ్లండి.

పనికి తగ్గట్టు ట్రక్కు సర్దుకోవాలంటే ఇవి చేయించండి. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య పిన్నుకి కింద లాక్ క్లిప్పు ఉండాలి. చాలామంది మేకు వంచి పెడతారు, గుంటలో ఎగిరితే అది ఊడిపోతుంది. పిన్నుకి తోడు ఒక గొలుసు కూడా కట్టండి, పిన్ను జారినా ట్రక్కు విడిపోయి రోడ్డు మీద ఒంటరిగా పోదు. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. చీకట్లో లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రక్కుని బైకువాడు గుద్దడం మన పేపర్లో తరచూ వచ్చే వార్తే. కాబట్టి వెనక లైట్లకి, ఇండికేటర్లకి ట్రాక్టరు నుంచి కేబులు లాగి సాకెట్టు పెట్టించండి. మనమే వైరుమన్‌లం, ఆ పని గంటన్నర కూడా పట్టదు.

సరుకు వేసే పద్ధతి కూడా ఉంది. రెండు చక్రాల ట్రక్కులో బరువు వెనకకి ఎక్కువైతే ముందు దూలం పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. మరీ ముందుకి వేస్తే, కట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఇరుసుకి కాస్త ముందుకి మొగ్గు ఉండాలి, అంతే. ఇసుక ఘనపుటడుగు 45 కిలోల దగ్గర తూగుతుంది, అంటే వంద అడుగుల యూనిట్ నాలుగున్నర టన్నులు. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. ట్రక్కు ఆర్సీలో ఎంత రాసి ఉందో దాంతో పోల్చండి.

ట్రాక్టరుకి రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి, పొలంలో ఒక్కో చక్రం విడిగా ఆపడానికి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా బరువుతో ఒక పెడలు తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకి తిరిగిపోతుంది, వెనక ట్రక్కు దాన్ని తోసేస్తుంది. వంతెన దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ వేసే డ్రైవరుకి నేను రెండోసారి పని చెప్పను.

ఏస్ ఎప్పుడు కొనాలి

వారంలో ఒకటీ రెండు రోజులు సరుకు వస్తే కిరాయే మేలు. నెల మొత్తం కిరాయి రసీదులు ఒక కవర్లో వేసి ఉంచండి. ఆ మొత్తం పాత ఏస్ నెల కిస్తీ, డీజిలు, డ్రైవరు జీతం కలిపిన దాని దగ్గరికి వస్తే అప్పుడు ఆలోచించండి. ఏస్ 2005 నుంచి ఉంది కాబట్టి రిపేరు చేసేవాళ్లకీ పాత విడిభాగాలకీ లోటు లేదు. నిండు బరువు మూడు టన్నుల్లోపు ఉండే సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. మామూలు కారు లైసెన్సుతోనే ఏడున్నర టన్నుల వరకు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఖరారు చేసింది. పసుపు ప్లేటు కాబట్టి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రం తప్పదు: ఎనిమిదేళ్లలోపు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

జీఎస్టీ కడుతున్నవాళ్లకి ఇంకో తేడా ఉంది. కారు మీద కట్టిన జీఎస్టీకి, దాని రిపేర్లకి, ఇన్సూరెన్సుకి మనలాంటివాళ్లకి క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నుని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేం. సరుకు బండికి వస్తుంది. ఆడిటరుతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

సెకండ్ హ్యాండ్ ఏస్ చూసేటప్పుడు తొట్టి అడుగు తుప్పుని వేలితో కాదు, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోల్చండి, ఫిట్‌నెస్ తేదీ, పన్ను, ఇన్సూరెన్సు ఎంపరివాహన్ యాప్‌లో చూడండి. పాత చలానాలు ఉంటే ఆ మొత్తం ధరలోంచి కోయించి, కట్టిన రసీదు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.